క్యాంప్-2 క్లినిక్కుకు కొత్త వైద్యం చేరే దారి

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం మన దేశం, సోవియట్ యూనియన్ 1955లో ఒప్పందం చేసుకున్నాయి. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరిలో, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ నిర్మాణానికి వచ్చిన కూలీల కోసం వెలసిన బస్తీలే క్యాంప్-1, క్యాంప్-2. కట్టడం పూర్తయినా జనం వెనక్కి పోలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే ఇళ్లు కట్టుకుని, పెళ్లిళ్లు చేసుకుని, మనవలను ఎత్తుకున్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింటివాళ్లతో ఛత్తీస్‌గఢీ మాట్లాడే తరం ఇప్పుడు పెద్దదైంది.

కర్మాగారంలో పర్మినెంట్ ఉద్యోగికి సెక్టార్-9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి పేరు నమోదై ఉంటే ఈఎస్ఐ ఉంది. వీళ్లిద్దరూ కాని వాళ్లే క్యాంపులో ఎక్కువ: రోజు కూలీలు, ఆటో నడిపేవాళ్లు, తోపుడు బండి వ్యాపారులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వీళ్లకు ఒళ్లు వెచ్చబడితే మొదట గుర్తొచ్చేది వీధి చివరి క్లినిక్కు, దాని పక్కనే ఉన్న మందుల షాపు. జబ్బు ముదిరాకే సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ఆసుపత్రి, దుర్గ్ జిల్లా ఆసుపత్రి, రాయపూర్ ఎయిమ్స్.

అంటే మనిషి ప్రాణం మీద పడే మొదటి నిర్ణయం చాలాసార్లు ఆ చిన్న క్లినిక్కులోనే జరుగుతుంది. వైద్యశాస్త్రం ఏటా మారుతోంది. నిన్న మంచిదన్న మందు ఇవాళ వద్దంటున్నారు, రెండేళ్లు వాడాల్సిన కోర్సు ఆరు నెలలకు తగ్గింది. ఈ మార్పు ఆ క్లినిక్కు గడప దాకా వస్తోందా, రావాలంటే ఏ పద్ధతులు నిజంగా పనిచేస్తాయి? ఈ సమీక్ష ఆ ప్రశ్న గురించే. నా అభిప్రాయం ముందే చెబుతాను: డాక్టరు ఒక్కరికి ఉపన్యాసం ఇస్తే సరిపోదు. కాంపౌండరు, ల్యాబు కుర్రాడు, మందుల షాపు యజమాని, ఆరోగ్య కార్యకర్త అయిన మితానిన్ అక్క, అందరూ కలిసి చేసే పనిలో ఆ మార్పు కనిపించాలి. అలా కనిపించేలా చేయడానికి కావలసిన అనుభవం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది.

జ్వరం వచ్చిన మనిషి

క్యాంపు క్లినిక్కుల్లో సగం పని జ్వరాలదే. 2018 వర్షాకాలంలో భిలాయిని డెంగ్యూ కుదిపేసింది. ఖుర్సీపార్, క్యాంపుల వంటి ఇరుకు బస్తీలు బాగా దెబ్బతిన్నాయి, పిల్లలూ చనిపోయారు. నీళ్ల కొరతకు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకునే ఇళ్లలో ఈడిస్ దోమకు వేరే చోటు వెతుక్కునే అవసరం లేదు.

డెంగ్యూ వైద్యంలో ప్రాణం నిలబెట్టేది ఖరీదైన మందు కాదు, రోజులు లెక్కపెట్టుకోవడం. జ్వరం మూడు నుంచి ఏడు రోజుల మధ్య తగ్గుముఖం పడుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేది అప్పుడే. రక్తనాళాల నుంచి నీరు కారిపోయి, రక్తం చిక్కబడి, మనిషి కుప్పకూలే ప్రమాదం ఉన్నదీ అప్పుడే. ఆ రోజున పాప అమ్మ క్లినిక్కుకు వచ్చి, జ్వరం తగ్గింది గానీ కడుపు నొప్పంటోంది, ఊరికే పడుకుంటోంది అంటే, ఆ మాట ముందుగా వినేది బయట చీటీలు రాసే కాంపౌండరు. ఆగకుండా వాంతులు, తీవ్రమైన కడుపు నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చిరాకు, మూత్రం తగ్గడం: ఈ హెచ్చరికలు అతనికి తెలిసి ఉంటే ఆ పాప వరసలో గంటసేపు కూర్చోదు. తెలియకపోతే కూర్చుంటుంది. డాక్టరు చదివిన పుస్తకం ఇక్కడ పనికిరాదు. కాంపౌండరు ముందు గోడ మీద అంటించిన కాగితం పనికొస్తుంది.

మిగతా సూత్రాలూ క్లిష్టమైనవేమీ కావు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం. ప్లేట్‌లెట్ల అంకె చూసి కంగారుపడి ప్లేట్‌లెట్లు ఎక్కించడం సరికాదు. రక్తస్రావం లేని మనిషికి పదివేల లోపు పడితేనే ఆ ఆలోచన చేయాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్లేట్‌లెట్ల కంటే హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) పెరుగుదల, నాడి, బీపీ ముఖ్యం.

టైఫాయిడ్ సంగతి వేరు. వైడాల్ పరీక్ష ఒక్కసారి చేసి 'పాజిటివ్' అని రాసిచ్చిన కాగితం మీద లక్షల కోర్సుల ఆంటీబయాటిక్‌లు నడుస్తున్నాయి. పాత ఇన్‌ఫెక్షన్‌కూ, టీకాకూ, వేరే జ్వరాలకూ ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. బ్లడ్ కల్చర్ ఖరీదు, ఆలస్యం. అందుకే నివారణకు విలువ ఎక్కువ. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన మొదటి అలాంటి టీకా. ఆరు నెలలు దాటిన పిల్లలకూ ఇవ్వవచ్చు. కలుషిత నీటి బెడద ఉన్న బస్తీలో పిల్లల టీకా కార్డు చూసే ప్రతి డాక్టరూ దీని గురించి ఒక్క మాట చెప్పాలి.

రాసే మందు, రాయకూడని మందు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. మొదట వాడాల్సినవి, జాగ్రత్తగా వాడాల్సినవి, చివరి ఆశగా దాచుకోవాల్సినవి. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ మొదటి గుంపు. మన క్లినిక్కుల్లో చీటీ మీద అలవాటుగా పడే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండో గుంపు. ప్రపంచం మొత్తం మీద మనుషులు వాడే ఆంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం మొదటి గుంపువే కావాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 2030కి లక్ష్యం పెట్టుకున్నాయి. ఆంటీబయాటిక్ రాసినప్పుడు ఎందుకు రాస్తున్నారో కూడా చీటీ మీద రాయాలని మన కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2024 జనవరిలో డాక్టర్లను కోరింది. 'జలుబు' అని కారణం రాసి దాని కిందే అజిత్రోమైసిన్ రాయడానికి చెయ్యి కాస్త ఆగుతుంది. ఆ ఆగడమే కావలసింది.

పిల్లల దగ్గు మందు విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడై, 20 మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. 2025 అక్టోబరు 3న కేంద్రం మరోసారి చెప్పింది: రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు. ఐదేళ్ల లోపు వారికీ సాధారణంగా అవసరం లేదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ అధికారి లేబుల్ మీద రాయించారు. 2024 ఆగస్టులో 156 కాంబినేషన్ మందులను నిషేధించారు. ఈ జాబితాలు గెజిట్‌లో వస్తాయి. క్యాంప్-2 మందుల షాపు కౌంటరు మీదికి వాటంతట అవి రావు. ఏ మందు ఆగిపోయిందో డాక్టరుకూ షాపుకూ ఒకేరోజు తెలిసే ఏర్పాటు లేకపోతే నిషేధం కాగితం మీదే ఉంటుంది.

కుక్కకాటుదీ ఇదే కథ. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగడం మొదటి మందు. పసుపు, కారం, సున్నం పెట్టడం హాని. టీకా చర్మంలో ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదా దాని బదులు వచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ తప్పనిసరి. మొదటి సూదితో నొప్పి పోయిందని మిగతావి మానేసేవాళ్లను ఫోన్ చేసి పిలిచే మనిషి క్లినిక్కులో ఎవరో ముందే తేల్చుకోవాలి.

బీపీ, షుగరు, కిడ్నీ

ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగరు ఉంది, 31 కోట్లకు పైగా జనానికి బీపీ ఉంది. వీళ్లందరినీ స్పెషలిస్టులు చూడలేరు. చూడనక్కర్లేదు కూడా. ఇది వీధి క్లినిక్కు చేయగల పని.

కానీ ముందు బీపీ సరిగ్గా చూడాలి. సాయంత్రం ఏడింటికి, వరస బయటిదాకా ఉన్నప్పుడు, మనిషి గబగబా నడిచొచ్చి వీపు ఆనించలేని స్టూలు మీద కూర్చుంటాడు. చొక్కా చేతి మీదే పట్టీ చుడతారు. చెయ్యి గాల్లో వేలాడుతుంటుంది. మాట్లాడుతూనే ఉంటాడు. ఇవన్నీ అంకెను పైకి తోస్తాయి. ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, చొక్కా మడిచి, మాట్లాడనివ్వకుండా రెండుసార్లు చూస్తే వచ్చేదే నిజమైన బీపీ. ఇది డాక్టరు పని కాదు. డిజిటల్ మిషను, ఒక కుర్చీ, ఒక బల్ల ఇస్తే కాంపౌండరు లోపలికి పంపే ముందే చూసి చీటీ మీద రాయగలడు.

2017 నవంబరులో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ ఈ దారినే నడిచింది. మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి చాలా సాదా. ఏ మందుతో మొదలుపెట్టాలో, నెలకు తగ్గకపోతే ఏది కలపాలో రాసిన ఒక్క పేజీ ప్రోటోకాల్. ఆ మందులు ఎప్పుడూ అయిపోకుండా సరఫరా. డాక్టరుతో పాటు నర్సుకూ బాధ్యత. ఇంటి దగ్గరే మందు దొరకడం. ఎవరు రాలేదో చూపించే రిజిస్టరు. ఈ ఐదూ కలిస్తేనే ఫలితం. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది కొత్త మందు కనిపెట్టినందుకు కాదు, పాత మందును మనిషికి నెలనెలా అందించినందుకు. బీపీ తగ్గింది కదా అని మాత్ర మానేసే మనిషిని ఆ రిజిస్టరే వెనక్కి పిలిపిస్తుంది.

కిడ్నీల విషయం క్యాంప్-2 తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని ఉద్దానం కిడ్నీ జబ్బు ఇక్కడి కుటుంబాలకు పేపర్లో చదివే వార్త కాదు, చుట్టాల ఇంటి కబురు. ఛత్తీస్‌గఢ్‌లో గరియాబంద్ జిల్లా సుపేబేడాదీ అలాంటి చరిత్రే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మొదలైంది. ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా తేలలేదు గానీ ఒక క్లినికల్ లక్షణం ప్రతి జనరల్ డాక్టరూ గుర్తుంచుకోవాలి: అందులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మూత్రం పట్టీ పరీక్ష బాగుందని సరిపెట్టుకుంటే జబ్బు తప్పిపోతుంది. సొంతూరు ఉద్దానం వైపు అని తెలిస్తే రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసు, ఆడా మగా లెక్కతో కిడ్నీ పనితీరు అంచనా కట్టాలి.

ఇక్కడే నొప్పి మాత్రల ప్రసంగం రావాలి. ఎండలో, వేడిలో రోజంతా పనిచేసి, నీళ్లు చాలక, ఒళ్లు నొప్పులకు రాత్రి డైక్లోఫెనాక్ వేసుకుని పడుకునే మనిషి కిడ్నీలకు రెండు వైపుల నుంచి దెబ్బ. క్యాంపులో 'ఒళ్లు నొప్పుల కోర్సు' అడిగి తీసుకునే అలవాటు ఉంది. దానికి డాక్టరు ఒక్కరే బాధ్యులు కారు. అడగగానే ఇచ్చే కౌంటరుకూ వాటా ఉంది.

మంచి వార్త కూడా ఉంది. షుగరుకు వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 మందులు కిడ్నీని, గుండెను కూడా కాపాడతాయని పెద్ద అధ్యయనాల్లో తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ తొలి పేటెంటు మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. జెనరిక్‌లు రాగానే ధరలు బాగా పడ్డాయి. ధనికుల మందుగా ఉన్నది కూలీ చేతికి అందే ధరకు వచ్చింది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఉపవాసం రోజున, వాంతులు విరేచనాలు అయిన రోజున ఎందుకు ఆపాలి అన్నది డాక్టరుకూ రోగికీ తెలియాలి. తెలియకుండా ధర తగ్గడం సగం మేలే.

దగ్గు, దమ్ము, టీబీ

దుమ్ము, పొగ మధ్య బతికే ఊళ్లో దమ్ము మామూలు మాట. ఆస్తమాకు సాల్‌బ్యుటమాల్ ఒక్కటే ఇస్తూ పోవడం సరికాదని అంతర్జాతీయ ఆస్తమా సంస్థ జీనా (GINA) 2019లో స్పష్టం చేసింది. తక్కువ మోతాదు స్టెరాయిడ్ పీల్చడమే అసలు వైద్యం. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలరును అవసరమైనప్పుడు వాడే పద్ధతి అప్పటి నుంచి మార్గదర్శకాల్లో ముందుకొచ్చింది. మన దగ్గర మాత్రం ఆయాసం అనగానే డెరిఫిల్లిన్ సూది, డెక్సా సూది. తెల్లారేసరికి నెమ్మదిస్తుంది కాబట్టి ఆ సూదికే పేరు. ఇన్‌హేలరు అలవాటైపోతుందని భయపడే అమ్మకు ఆ మాట తప్పని ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి, స్పేసరుతో పీల్చడం చేసి చూపించాలి. పది నిమిషాల పని. డాక్టరుకు ఆ పది నిమిషాలు లేవు. నేర్పితే సహాయకురాలికి ఉంటాయి.

టీబీ నిర్ధారణలో కఫానికి సూక్ష్మదర్శిని బదులు సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ముందు వరసకు వచ్చాయి. మొండి టీబీకి ఏడాదిన్నర, రెండేళ్లు నడిచే వైద్యం స్థానంలో నాలుగు మందుల ఆరు నెలల బీపాల్ఎమ్ కోర్సును 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించింది. నిక్షయ్ పోషణ్ పథకం కింద రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. టీబీ కేసు నమోదు చేయడం ప్రైవేటు డాక్టరుకు 2012 నుంచే తప్పనిసరి. ఇవన్నీ ఉన్నా రోగి మొదట వెళ్లేది క్లినిక్కుకే కాబట్టి ఆలస్యం అక్కడే మొదలవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ రాస్తే టీబీ కొద్దిరోజులు అణిగి, తర్వాత మరింత ముదిరి బయటపడుతుంది. రెండు వారాల దగ్గు అంటే కఫం డబ్బా చేతికివ్వాలి. ఈ ఒక్క నియమం క్లినిక్కులో అందరికీ తెలిసిన రోజు ఎన్నో ఇళ్లు బాగుపడతాయి.

చెబితే మారుతుందా?

చాలా రాష్ట్రాల వైద్య మండళ్లు రిజిస్ట్రేషను నిలవాలంటే ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ (నిరంతర వైద్య విద్య) అడుగుతాయి. హోటల్లో సభ, ఒక ఉపన్యాసం, భోజనం. దీనివల్ల వైద్యం ఎంత మారుతుందో ప్రపంచమంతా పరిశోధకులు కొలిచారు. కోక్రేన్ సంస్థ 2009లో సమీక్షించిన 81 ప్రయోగాల్లో ఇలాంటి సభల వల్ల సరైన పద్ధతి పాటించడం సగటున 6 శాతం పాయింట్లు పెరిగింది. క్లినిక్కుకు మనిషి వెళ్లి ముఖాముఖి చెప్పినా దాదాపు అంతే. ఎవరి చీటీలు ఎలా ఉన్నాయో లెక్కతీసి వాళ్లకే చూపించే పద్ధతిపై 2012లో 140 అధ్యయనాలను చూశారు. సగటు మెరుగుదల 4 శాతం పైచిలుకు. అయితే మొదట బాగా వెనకబడి ఉన్నవాళ్లలో, పదేపదే చూపించినప్పుడు, లక్ష్యం ఏమిటో, ఏం చేయాలో కలిపి చెప్పినప్పుడు లాభం పెరిగింది. ఈ అంకెలు చిన్నవని కొట్టిపారేయకూడదు. ఏ ఒక్క పద్ధతీ ఒంటరిగా అద్భుతం చేయదని, కలిపి వాడాలని అవి చెబుతున్నాయి.

తెలిసినదానికీ చేసేదానికీ దూరం ఎంతో మన దేశంలోనే కొలిచారు. ఢిల్లీలో శిక్షణ పొందిన 'నటరోగులు' టీబీ లక్షణాలతో క్లినిక్కులకు వెళ్లారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనంలో 250 సంప్రదింపుల్లో సరైన పద్ధతి పాటించినవి 21 శాతం. అదే డాక్టర్లను ప్రశ్నపత్రంలో అడిగితే అంతకంటే చాలామంది సరైన జవాబు రాశారు. లోపం చదువులో కాదు, పనిలో ఉంది.

బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో మరో ప్రయోగం జరిగింది. డిగ్రీ లేని గ్రామ వైద్యులు 304 మందిలో సగం మందికి తొమ్మిది నెలలపాటు 72 తరగతుల శిక్షణ ఇచ్చారు. 2016లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. రోగులకు సరైన వైద్యం చేయడం పెరిగింది. అనవసరమైన మందులు, ఆంటీబయాటిక్‌లు మాత్రం తగ్గలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మందులు అమ్ముకోవడం మీదే బతుకు నడిచేవాడికి తక్కువ మందులు రాయమని తరగతి చెబితే చాలదు, అతని బతుకు లెక్క కూడా మారాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆర్ఎంపీల శిక్షణ గురించి ఏళ్ల తరబడి జరుగుతున్న వాదనలో ఇరుపక్షాలూ ఈ ఫలితాన్ని పూర్తిగా చదవాలి. శిక్షణ దండగ అనేవాళ్ల మాటకూ, శిక్షణతో అన్నీ సర్దుకుంటాయనేవాళ్ల మాటకూ ఇందులో ఆధారం లేదు.

ఇంగ్లండ్‌లో 1999లో నైస్ అనే సంస్థ పెట్టి, ఏది చేయాలో ఒకచోట రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2004 నుంచి జనరల్ ప్రాక్టీసులకు బీపీ అదుపు, షుగరు పరీక్షల వంటి వాటి మీద కొంత ఆదాయం ముడిపెట్టారు. పని డాక్టరు ఒక్కరి మీద కాకుండా నర్సు, ఫార్మసిస్టు, రిసెప్షను మీద పంచుకున్నారు. అంకె ఉన్న పనులు మెరుగుపడ్డాయి. అంకెకు అందని, మనిషితో కూర్చుని మాట్లాడే పని వెనకబడుతోందన్న విమర్శ కూడా వచ్చింది. తీసుకోవాల్సింది, జాగ్రత్తపడాల్సింది రెండూ అందులో ఉన్నాయి.

చేతి దూరంలో ఉన్న అనుభవం

భిలాయి కొలిమికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని గని కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. డాక్టర్లు బినాయక్ సేన్, శైబాల్ జానా, ఆశిష్ కుండు వంటివాళ్లు అక్కడ పనిచేశారు. కార్మికులే ఆరోగ్య కార్యకర్తలయ్యారు. అవసరం లేని సూది, బలానికి సెలైన్, టానిక్కు ఎందుకు వద్దో కార్మికులకే విడమరచి చెప్పారు. విరేచనాలకు ఇంట్లో ద్రవం కలుపుకోవడం నేర్పారు. రోగి కూడా అవసరం లేని సూదిని అడగకపోతేనే డాక్టరు సూది మానగలడని ఆ ఆసుపత్రి ఆచరణలో చూపింది. కొత్త వైద్యం నిలబడాలంటే దాన్ని అడిగే జనం కావాలి.

2002లో ఈ రాష్ట్రం మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. 2005లో దేశమంతా వచ్చిన ఆశా వ్యవస్థకు ఇదే ముందు నమూనా. వేల మంది ఆడవాళ్లకు ఒక్కసారి శిక్షణ ఇచ్చి వదిలేయకుండా, బొమ్మల పుస్తకాలతో విడతలు విడతలుగా, పక్కన ట్రైనరును నిలబెట్టి నేర్పడం దాని బలం. డాక్టర్ల శిక్షణకు లేని ఓపిక అక్కడ ఉంది.

మూడో పాఠం, మూడేళ్ల కోర్సు చదివి గ్రామీణ ఆరోగ్య కేంద్రాల్లో నియమితులైన రూరల్ మెడికల్ అసిస్టెంట్లది. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లను ఎంబీబీఎస్ డాక్టర్లతో పోల్చి చేసిన అధ్యయనంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మామూలు జబ్బుల వైద్యంలో ఇద్దరి సామర్థ్యం దాదాపు సమానంగా తేలింది. పని ఏమిటో హద్దు గీసి, ఆ పనికి సరిపడా నేర్పితే మనుషులు నేర్చుకుంటారు.

నాలుగోది బిలాస్‌పూర్ దగ్గర గనియారీలోని జన్ స్వాస్థ్య సహయోగ్. సికిల్ సెల్, బీపీ, షుగరు రోగులను గుంపులుగా కూర్చోబెట్టి, ఒకరి అనుభవం ఇంకొకరికి అందేలా చేసింది. సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న ఈ రాష్ట్రంలో క్యాంపు క్లినిక్కులో రక్తహీనత చూసిన ప్రతిసారీ ఐరన్ టానిక్ రాసి పంపకుండా సికిల్ సెల్ పరీక్ష గుర్తురావాలి. 2023 జూలైలో దాని కోసం జాతీయ మిషనే మొదలైంది.

హైదరాబాదు బస్తీ దవాఖానాల నుంచి కూడా ఒకటి తెచ్చుకోవచ్చు. 2018లో మొదలైన ఆ చిన్న కేంద్రాల్లో రక్తం తీసి సెంట్రల్ ల్యాబుకు పంపి, ఫలితం వెనక్కి తెప్పించే ఏర్పాటు చేశారు. పరీక్ష అందుబాటులో ఉంటేనే ఊహతో మందు రాయడం తగ్గుతుంది.

క్యాంప్-2కు కావలసింది

ఇవన్నీ కలిపి చూస్తే చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మొదట, ఆరు విషయాల మీద ఆరు గోడ కాగితాలు: జ్వరం, రెండు వారాల దగ్గు, బీపీ, షుగరుతో కిడ్నీ, ఆయాసం, కుక్కకాటు. ఒక్కోటి ఒక్క పేజీ. డాక్టరుకు హిందీలోనో ఇంగ్లీషులోనో, రోగికి తెలుగు, హిందీల్లో. ప్రతి జనవరిలో తేదీ వేసి మార్చాలి. పాతది చింపేయాలి. తేదీ లేని కాగితాన్ని నమ్మకూడదు.

రెండోది, నెలకొకసారి గంటసేపు కేసుల మీద మాట. నలుగురైదుగురు డాక్టర్లు, వాళ్ల సహాయకులు, ఇద్దరు ముగ్గురు మందుల షాపులవాళ్లు, ఆ వార్డు మితానిన్లు. ఒక డెంగ్యూ కేసు, ఒక టీబీ కేసు ఎలా నడిచాయో చెప్పుకోవడం. న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఇదే: స్పెషలిస్టు తెర మీద, కేసు చిన్న క్లినిక్కుది, నేర్చుకునేది అందరూ. ఎయిమ్స్ నుంచో సెక్టార్-9 నుంచో ఒక స్పెషలిస్టు నెలకు గంట ఇస్తే చాలు. మందుల కంపెనీ ఖర్చుతో ఈ సభ జరగకూడదు. 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ నియమావళి కూడా డాక్టర్లకు కానుకలు వద్దంటోంది.

మూడోది రిజిస్టరు. బీపీ, షుగరు, టీబీ, కుక్కకాటు రోగులు మళ్లీ రావలసిన తేదీ రాసి, రాకపోతే ఫోన్ చేయడం. పెళ్లికో పండగకో ఊరు వెళ్లి, విశాఖ కేజీహెచ్‌లో చూపించుకుని, కొత్త చీటీతో తిరిగొచ్చే మనుషులకు మందుల వివరాలు ఒక చిన్న పుస్తకంలో చేతిలోనే ఉండాలి. రెండు చోట్లా ఒకే మందు రెండు పేర్లతో పడే ప్రమాదం అప్పుడే తగ్గుతుంది.

నాలుగోది పంపే దారి. ఎవరిని, ఏ ఆసుపత్రిలో ఏ వార్డుకు, ఏ నంబరుకు ఫోన్ చేసి పంపాలో ముందే రాసిపెట్టుకోవాలి. యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ నియమం. ఆ కేంద్రం ప్రైవేటు క్లినిక్కులను పోటీగా కాక తన జట్టుగా చూస్తే కఫం డబ్బాలు, టీకాలు, ఉచిత మందులు, ఈ-సంజీవనిలో స్పెషలిస్టు సలహా అందరికీ అందుతాయి.

ఇందులో భవనం లేదు, పెద్ద బడ్జెట్ లేదు. ఒకరు పూనుకోవాలి. భిలాయి తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి సభలు జరుపుతూనే ఉన్నాయి. ఇంతమంది డాక్టర్లను, నర్సులను, ఇంజినీర్లను కన్న సమాజం ఇది. మీ సంఘం ఈ ఏడాది ఖర్చులో కొంత ఆరు గోడ కాగితాలకు, పది డిజిటల్ బీపీ మిషన్లకు, నెలకొక సమావేశానికి పెట్టండి. డాక్టరుగారూ, మీ కాంపౌండరును ఆ సమావేశానికి వెంట తీసుకురండి. మందుల షాపు యజమానులారా, చీటీ లేకుండా ఆంటీబయాటిక్, నొప్పి మాత్ర ఇవ్వకండి. పాఠకులు ఇది చదివి తమ మందులు తామే మార్చుకోవద్దు. ఈసారి క్లినిక్కుకు వెళ్లినప్పుడు మాత్రం ఒక ప్రశ్న అడగండి: "డాక్టరుగారూ, ఈ మందు ఎందుకు, ఎన్నాళ్లు?" ఆ ప్రశ్న అడిగే హక్కు మీది, జవాబు చెప్పడం వాళ్ల బాధ్యత.